తాళం మార్చేస్తే హక్కు పోతుందా?

విడాకుల కేసు నడుస్తుండగానే భార్యను ఇంట్లోంచి గెంటేయడం మా ఊళ్లో మామూలైపోయింది. పోయిన నెల మా వీధిలో ఒకామె కోర్టు వాయిదాకు వెళ్లొచ్చేసరికి గుమ్మానికి కొత్త తాళం, అరుగు మీద ఆమె బట్టల మూటలు. ‘ఇల్లు మా అమ్మ పేరున ఉంది, నీకేం హక్కు?’ అన్నాడట భర్త. పద్నాలుగేళ్లు ఆ ఇంట్లో వండిపెట్టిన మనిషి, ఆ మాట నమ్మి పిల్లలతో పుట్టింటికి వెళ్లిపోయింది. నమ్మాల్సిన పనిలేదు. 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ ప్రకారం కాపురమున్న ఇల్లు ఎవరి పేరున ఉన్నా, చట్టబద్ధమైన పద్ధతిలో తప్ప ఆమెను వెళ్లగొట్టకూడదు. అత్తమామల ఇల్లయినా ఈ హక్కు అడగవచ్చని సుప్రీంకోర్టు 2020 అక్టోబరులో చెప్పింది. 19వ సెక్షన్ కింద ఆ ఇల్లు అమ్మకుండా ఆపించవచ్చు కూడా. విడాకుల డిక్రీ, అంటే కోర్టు తుది తీర్పు, వచ్చాక ఈ వాదన నిలబెట్టుకోవడం కష్టం. ముందుగానే మేజిస్ట్రేటు దగ్గర, కేసు తేలేదాకా ఆ ఇంట్లోనే ఉండనిచ్చే మధ్యంతర నివాసపు ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె పెట్టుకున్న వకీలుతో సహా. విడాకుల సమన్లతో పాటే ఈ హక్కులను తేలిక తెలుగులో రాసిన కాగితం భార్య చేతికి అందేలా కుటుంబ న్యాయస్థానాలు ఏర్పాటు చేయాలి. నివాసపు ఉత్తర్వు ప్రతిని సబ్‌రిజిస్ట్రారు కార్యాలయానికి పంపి, ఈసీ (ఆస్తి మీదున్న లావాదేవీలు, బాధ్యతలు చూపే ధ్రువపత్రం) తీసినవారికి కనిపించేలా నమోదు చేయాలి.

– ఒక పాఠకురాలు, తెనాలి