పాత కత్తులను గ్రైండర్‌కు పెట్టొద్దు

సంపాదక మహాశయులకు,

మన విజయవాడ వన్‌టౌన్‌లో పాత ఇనుప సామాన్ల కొట్ల ముందు మంచి మంచి కత్తులు తుక్కులో కలిసిపోతుంటే ప్రాణం ఉసూరుమంటోంది. మొన్న అలాంటి కుప్పలోంచే ఒక మడత చాకు తీశాను. కొమ్ము పిడి, నల్లబడిన అలుగు. బొటనవేలితో తుప్పు రుద్దితే ముందు ఒక నక్షత్రం, పక్కనే శిలువ లాంటి గుర్తు, కింద షెఫీల్డ్ అన్న అక్షరాలు బయటపడ్డాయి. ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో కత్తులు చేసిన జోసఫ్ రాడ్జర్స్ కంపెనీ ముద్ర అది. కొట్టతను 150 రూపాయలన్నాడు. బేరమాడబుద్ధి కాలేదు.

ఈ ముద్రకు నకళ్లూ ఉన్నాయి కాబట్టి కొనేవాళ్లు అదొక్కటే చూడకూడదు. తెరిచినప్పుడు అలుగు మడత దగ్గర ఊగుతోందా, తుప్పు గుంటలు పడేదాకా తినేసిందా చూసుకోవాలి. పైపై తుప్పయితే కిరోసిన్‌లో నానబెట్టి రుద్దితే పోతుంది.

నా అసలు బాధ వేరు. కొందరు వ్యాపారులు తళతళలాడితే త్వరగా అమ్ముడవుతాయని వీటిని గ్రైండర్‌కు పెడుతున్నారు. ముద్ర అరిగిపోతుంది సరే, ఆ వేడికి అంచు నీలం రంగు తిరిగిందంటే ఉక్కు టెంపర్, అంటే దాని గట్టిదనం, దిగిపోయినట్టే. ఆ తర్వాత ఎంత సాన పట్టినా పదును నిలవదు. దయచేసి కొట్లవాళ్లు ముద్ర ఉన్నవాటిని విడిగా తీసిపెట్టి, తుప్పుతోనే అమ్మండి. నాలాంటివాళ్లం రెండింతలిచ్చి అయినా కొంటాం.

– ఒక విశ్రాంత వర్క్‌షాప్ బోధకుడు, సత్యనారాయణపురం, విజయవాడ