ఘన్‌పూర్ రోడ్డు మీది పెద్దమ్మకు, ఇంకా అందరికీ

అందరికీ నమస్కారం. బండి ప్రమాదమై ఆసుపత్రిలో ఉన్న నన్ను నిన్న సాయంత్రం డిశ్చార్జి చేశారు. కుడివైపు కాలర్ బోన్ విరిగింది, మణికట్టు వాచింది, మిగతావన్నీ గీరుకుపోయిన దెబ్బలే. ఫోన్లు చేస్తున్న అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఎడమ చేత్తో ఒక్కో అక్షరం నొక్కుతూ ఇక్కడే రాస్తున్నాను. సర్దుకుని చదవండి.

నేను ఫోటోగ్రాఫర్ని. నాకు స్టూడియో లేదు, పిలిచినచోటికల్లా పోయి ఫోటోలు తీయడమే నా పని. ప్రమాదం జరిగిన ఆ వారమే చూడండి. శుక్రవారం హనుమకొండలో అండర్-14 ఆడపిల్లల ఖో-ఖో. శనివారం పొద్దున జనగామలో తలసేమియా పిల్లల కోసం రక్తదాన శిబిరం. ఆ రాత్రికి కాజీపేటలో ఒకరింట్లో శారీ ఫంక్షన్. శిబిరం ముగించుకుని బండి మీద వస్తుంటే, స్టేషన్ ఘన్‌పూర్ దాటాక వెనక నుంచి ఓ కారు తగిలించి, ఆగకుండా పోయింది. అప్పుడే తుంపర మొదలైంది.

రోడ్డు పక్కన మక్క కంకులు కాల్చి అమ్ముకునే ఒక పెద్దమ్మ ముందుగా పరుగెత్తుకొచ్చింది. యాభై దాటి ఉంటాయి. పేరు రాయొద్దని గట్టిగా చెప్పింది కాబట్టి రాయడం లేదు. నేను పొదల్లో పడి ఉన్నాను. బ్యాగు పట్టీ తెగి, పక్క అర తెరుచుకుని అందులోవన్నీ గడ్డిలో చెల్లాచెదురయ్యాయి. నాకు చెయ్యి కంటే బ్యాగు టెన్షన్ ఎక్కువైంది, కెమెరా కెమెరా అని గొణుగుతూనే ఉన్నానట. "నీ బ్యాగు నా తాన్నే ఉంది బిడ్డా, నువ్వు పరేషాన్ గాకు" అని ఆమె అన్న మాట మాత్రం స్పష్టంగా గుర్తుంది. తన కంకుల మీద కప్పుకున్న ప్లాస్టిక్ పట్టా తీసి నా బ్యాగుకు చుట్టింది. కంకులు వానకు నానాయి, పొయ్యి ఆరిపోయింది. 108 వస్తే, బ్యాగు ఒళ్లో పెట్టుకుని నాతోపాటు ఎక్కేసింది.

ఆసుపత్రిలో నన్ను లోపలికి తీసుకెళ్లాక ఆమె బయట బెంచీ మీద కూర్చుంది. సెక్యూరిటీ వచ్చి, బ్యాగులో ఏముంది, తెరిచి చూపించమన్నాడట. "ఆ పిలగాడు లేచినంక ఆయనే తెరుస్తడు, నేనెందుకు తెరుస్త?" అందట. మా బావమరిది వచ్చి బ్యాగు ఇమ్మంటే కూడా ఇవ్వలేదు! వాణ్ని వెంటబెట్టుకుని నా మంచం దాకా వచ్చి, "ఈయన నీ మనిషేనా?" అని అడిగి, నేను తల ఊపాకే చేతికిచ్చింది. ఆ తర్వాత కొంగు ముడి విప్పింది. అందులో లెన్స్ క్యాప్, ఒక బ్యాటరీ, రెండు మెమరీ కార్డులు. గడ్డిలో వెతికి ఏరి, పైసలు కట్టుకున్నట్టు కొంగుకు కట్టుకుంది. "ఇవేందో నాకు తెల్వదు బిడ్డా, నీయే అనిపించినయి."

అప్పుడు ఏడ్చేశాను. ఎముక విరిగినప్పుడు కూడా అంత ఏడవలేదు.

గోరంత కార్డులవి. ఒకదాంట్లో ఖో-ఖో. పోల్ దగ్గర డైవ్ కొట్టి గాల్లో అడ్డంగా ఉన్న ఒక పిల్ల, ముందు పరుగెత్తే అమ్మాయి జడకు అంగుళం దూరంలో ఆ పిల్ల వేలికొస. అలాంటి ఫ్రేమ్ రోజంతా మట్టిలో మోకాళ్ల మీద కూర్చుంటే ఒకటి దొరుకుతుంది, దొరక్కపోవచ్చు కూడా. రెండోదాంట్లో రక్తదాన శిబిరం. తలసేమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఫోటోల్లో ముఖాలు కనపడనీయొద్దని వాళ్ల తల్లులు అడుగుతారు, అందుకని రబ్బరు బంతి పిసికే దాతల చేతులే ఎక్కువ తీశాను. ఈ రెండూ మళ్లీ తీయగలిగేవి కావు.

ఇక కడుపు మండే సంగతి. ఆ పెద్దమ్మను ఆసుపత్రివాళ్లు రాత్రి పదింటిదాకా కదలనివ్వలేదు. పేరు రాయి, ఆధార్ ఏది, ఎవరి బండి, నువ్వేమవుతావు, పోలీసులు వచ్చేదాకా ఉండాల్సిందే. మంచం మీద పడుకుని ఫోన్లో చదివితే తెలిసింది: ఇలా సాయం చేసినవాళ్లను వేధించకూడదని 2016లోనే సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఆమోదించింది, 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది. పేరు చెప్పాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. ఆ హక్కుల బోర్డు స్థానిక భాషలో ఆసుపత్రి ద్వారం దగ్గర ఉండాలి. అక్కడ నాకు కనిపించింది డిపాజిట్ కట్టాల్సిన కౌంటర్ బాణం గుర్తొక్కటే. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు నగదు లేని చికిత్స అని 2025లో కేంద్రం పథకం నోటిఫై చేసింది కదా అంటే, "అదేం స్కీం?" అని నన్నే అడిగారు. ఆ ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో చెప్పే నాథుడే లేడు. మెడలో టై కట్టుకున్నవాణ్నయితే అలా కూర్చోబెట్టేవాళ్లా? కంకులు అమ్ముకునే మనిషి కదా, అందుకే ఆ చులకన.

కంకుల నష్టానికి డబ్బులిస్తే తీసుకోలేదు. బలవంతం చేస్తే, "నాదొక ఫోటో తియ్యి, పెద్దది" అంది. చెయ్యి బాగుపడ్డాక తొలి ఫోటో అదే.

అమ్మ, మా ఆవిడ, బావమరిది చేసింది వేరే చెప్పాలా, ఇంటివాళ్లు. శారీ ఫంక్షన్‌కు అప్పటికప్పుడు తన కెమెరాతో వెళ్లిన కాజీపేట అన్నకు దండాలు. నా పేరు మీదే తీసి, పైసా ముట్టుకోలేదు. ఆ రాత్రే కార్డులు కాపీ చేసి, శిబిరం ఫోటోలు పత్రికలకు పంపిన తమ్ముడికి కూడా.

అయ్యో, 108 నడిపిన పైలట్, అందులో ప్రథమ చికిత్స చేసిన ఈఎంటీ గారూ, మీ పేర్లు అడగడానికి కూడా కుదరలేదు, థాంక్స్. కట్టు కట్టేటప్పుడు మాటల్లో పెట్టిన నర్సమ్మకు కూడా. ఆ కారు వెంట బండి మీద కొంతదూరం వెళ్లి నంబరు దొరక్క తిరిగొచ్చిన ఇద్దరు కుర్రాళ్లకు. ఫంక్షన్ ఇంటివాళ్లు మూడు పూటలా క్యారియర్ పంపారు, అదొకటి. మూడు నెలలుగా నా బిల్లు పెండింగులో పెట్టిన క్రీడా సంఘం పెద్దలు ఇది చదువుతుంటే, ఇప్పుడు కట్టినా కృతజ్ఞతల్లో చేరుస్తాను.

ఖో-ఖో పిల్లల తల్లిదండ్రులకు: ఫోటోలన్నీ పీఈటీ సార్ దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదు, కాపీ చేసుకోండి.