కౌన్సెలింగ్ గదిలో ఆటకూ చోటివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

ఆటిజం ఉన్న పదకొండేళ్ల అబ్బాయికి తల్లిని. ఇలాంటి పిల్లలకు బడుల్లోనూ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లోనూ ఇచ్చే కౌన్సెలింగ్‌లో ఆటకు అధికారికంగా చోటు కల్పించాలని, దానికి తగిన సమయాన్నీ, ఆడించడం తెలిసిన మనిషినీ ఏర్పాటు చేయాలని మీ పత్రిక ద్వారా రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలను కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను.

మా అబ్బాయిని ఐదేళ్లప్పుడు ఒక ప్రైవేటు థెరపీ కేంద్రానికి తీసుకెళ్లేవాళ్లం. అక్కడ వాడిని బల్ల ముందు కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని ముఖం తమవైపు తిప్పుకుని ప్రశ్నలు అడిగేవారు. ఆటవస్తువులన్నీ అద్దాల బీరువాలో వాడి కళ్లెదుటే ఉండేవి. చెప్పిన పని పూర్తిచేస్తే ఐదు నిమిషాలు ఇచ్చేవారు, చేయకపోతే బీరువా తాళం తీసేవారు కాదు. ఏడాది తిరిగేసరికి వాడికి వచ్చిందల్లా ఆ గది తలుపు చూడగానే ఏడవడమే. ఆట అంటే పని అయ్యాక పెట్టే తాయిలమన్న అభిప్రాయం మన ఇళ్లలోనూ పాతుకుపోయి ఉంది కనుక వాళ్లనొక్కరినే తప్పుపట్టలేను. పరీక్షలు దగ్గరపడగానే ఆటల పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేయడం మా అబ్బాయి బడిలోనూ చూశాను.

వాడు మొదటిసారి మనసులో మాట బయటపెట్టింది వామనగుంటల పీట దగ్గర. మా అత్తగారు వాడికి ఆ ఆట నేర్పారు. పద్నాలుగు గుంటలు, దోసెడు చింతగింజలు. ఒక గుంటలోవి తీసి వరుసగా ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. ఎదుటివారి కళ్లలోకి చూడనక్కర్లేదు, ఎందుకంటే ఇద్దరి చూపూ పీట మీదే ఉంటుంది. నియమాలు ఏ రోజూ మారవు, వంతు ఎవరిదన్న తికమక ఉండదు, చేతికి పని ఉంటుంది. మనుషుల ముఖాలు, మాటల వేగం అలసట తెప్పించే పిల్లవాడికి ఇవన్నీ ఎంత ఊరటనిస్తాయో దగ్గర కూర్చుని చూస్తే తప్ప తెలియదు. ఒక సాయంత్రం గింజలు వేస్తూ వేస్తూ, తల ఎత్తకుండానే, "నానమ్మా, బస్సులో నన్ను కూర్చోనివ్వట్లేదు" అన్నాడు. అప్పటికి రెండు నెలలుగా బడి బస్సు ఎక్కనని వాడు ఎందుకు మొరాయిస్తున్నాడో ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

ఓడిపోతున్నానని తెలిస్తే వాడు గింజలన్నీ విసిరేసి తల గోడకేసి కొట్టుకునేవాడు. "తట్టుకోలేకపోతే తూచ్ అను నాన్నా, ఆట అక్కడికి ఆగిపోతుంది, ఎవరూ ఏమీ అనరు" అని మా అత్తగారు చెప్పారు. చెప్పి ఊరుకోలేదు, గెలుపు తనవైపే ఉన్నా వాడు ఆ మాట అన్న ప్రతిసారీ చేయి వెనక్కి తీసుకున్నారు. కొన్ని నెలల తర్వాత ఒక పెళ్లిలో బాజాలు మొదలవగానే వాడు నా కొంగు లాగి "అమ్మా, తూచ్" అన్నాడు. వెంటనే బయటికి తీసుకెళ్లాను. అంతకుముందైతే చెవులు మూసుకుని నేలమీద పడి దొర్లేవాడు.

నిపుణులకు ఇది కొత్త సంగతి కాదు. పిల్లవాడే నడిపే ఆట ద్వారా అతని బాధను అర్థం చేసుకునే పద్ధతిని అమెరికా మనస్తత్వ నిపుణురాలు వర్జీనియా ఆక్స్‌లైన్ 1940లలోనే రూపొందించారు. ఆటిజం ఉన్న పిల్లలతో లెగో ముక్కలు కట్టించే పద్ధతి గురించి డానియల్ లెగాఫ్ 2004లో ప్రచురించారు: ఒకరు బొమ్మ చూసి చెప్పాలి, ఒకరు ముక్కలు వెతికి అందించాలి, ఒకరు కట్టాలి, కాసేపటికి పనులు మార్చుకోవాలి. మాట్లాడుకోకపోతే కట్టడం ముందుకు సాగదు కనుక ఎవరూ బలవంతపెట్టకుండానే మాట వస్తుంది. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని స్థితి) ఉన్న 8 నుంచి 12 ఏళ్ల పిల్లలకు వైద్యులు చీటీ రాసి ఇచ్చే ఒక వీడియో గేమ్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో అనుమతించింది. అంతమాత్రాన పిల్లవాడి చేతికి ఫోన్ ఇచ్చి మన పని మనం చూసుకుంటే అది కౌన్సెలింగ్ అయిపోదు. ఆ గేమ్‌ను కూడా ఇతర చికిత్సలకు తోడుగానే వాడమన్నారు. మా అత్తగారిలా ఎదురుగా కూర్చుని గమనించే మనిషి లేకపోతే మా వాడి బస్సు బాధ ఇంకెన్నాళ్లు దాగి ఉండేదో!

ఆడుకోవడం పిల్లల హక్కని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చెబుతోంది. మన దేశం 1992లోనే ఆ ఒడంబడికకు కట్టుబడింది. సమగ్ర శిక్షా పథకం కింద మనకు భవిత కేంద్రాలు, వాటిలో ఈ పిల్లలకు బోధించే ఐఈఆర్‌పీలు (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లు) ఉన్నారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాలపై పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి ఉంది. ఆ సంస్థ సాయంతో ఐఈఆర్‌పీలకు, బడి కౌన్సెలర్లకు ఆట ద్వారా మాట్లాడించడంలో శిక్షణ ఇప్పించడం ప్రభుత్వాలకు తలకు మించిన భారం కాదు. వామనగుంటలు, అష్టాచెమ్మా, పులిజూదం వంటివి మన ఊళ్లలో దొరికేవే. వస్తువులు నోట్లో పెట్టుకునే పిల్లలకు చింతగింజల బదులు పెద్ద చెక్క బిళ్లలు వాడుకోవచ్చు. ఆటను లాక్కోవడం శిక్షగా వాడకూడదని మాత్రం రాతపూర్వకంగా ఆదేశించాలి.

మరొక్క మాట. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం, అభ్యసన వైకల్యాలు ఉన్నాయి గానీ ఏడీహెచ్‌డీ లేదు. ఆ పిల్లల తల్లిదండ్రులు వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఎక్కడి నుంచి తేగలరు? ఆటతో కౌన్సెలింగ్‌కు ఆ కాగితం అడగకుండా, అవసరమున్న ప్రతి పిల్లవాడినీ, బడి దాటిన న్యూరోడైవర్జెంట్ (ఆటిజం, ఏడీహెచ్‌డీ వంటివి ఉన్న) యువతీయువకులనూ రానివ్వాలి. వారానికి కనీసం రెండు గంటలు ఈ పనికని టైమ్‌టేబుల్‌లో రాసిపెట్టి, ఆ గంటల్లో ఐఈఆర్‌పీలకు సర్వేలు, రికార్డుల పని అప్పగించవద్దని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక తల్లి, పల్నాడు జిల్లా