ఆటోనగర్ మెకానిక్ గారికి కృతజ్ఞతలు

విశాఖ కొండల్లోని ఖొండలైటు తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ రూపు మారిన శిల కనుక అందులో శిలాజాలు దొరకవు. తమిళనాడులోని అరియలూరు ప్రాంతం నుంచి బంధువులు తెచ్చి ఇచ్చిన అమ్మోనైటును, అంటే చుట్టలు తిరిగిన గుల్ల గల ఒక ప్రాచీన సముద్రజీవి శిలాజాన్ని, చుట్టూ అంటుకున్న సున్నపురాయిని తొలగిస్తూ ఇంట్లోనే శుభ్రం చేస్తున్నాను. మరునాడు మా అమ్మాయి బడి ప్రదర్శనలో దానిని ఉంచవలసి ఉండగా, ఆదివారం సాయంత్రం కంప్రెసర్ గాలితో నడిచే నా చిన్న ఉలి నీళ్లు చిమ్మి ఆగిపోయింది.

దుకాణం మూసి ఇంటికి బయలుదేరుతున్న ఆ మెకానిక్ గారు సంగతి విని మళ్లీ షట్టర్ ఎత్తారు. సముద్రపు గాలిలోని తేమ మా కంప్రెసర్ ట్యాంకులో నీరై చేరిందని చెప్పి, కార్లకు రంగు కొట్టే తన కంప్రెసర్‌కు ఉన్న నీటి ఫిల్టరునే విప్పి, మా ఇంటికి వచ్చి మా దానికి బిగించారు. పీడనం బాగా తగ్గించి, ముందుగా ఒక పనికిరాని రాతిముక్క మీద పరీక్షించిన తరువాతే నన్ను శిలాజం జోలికి వెళ్లనిచ్చారు; చివరి గీతలు బయటపడేవరకు టార్చి పట్టుకుని నిలబడ్డారు. ఇది నత్తేనా అని అడిగితే, ఆక్టోపస్‌కు దగ్గరి చుట్టమని, 6.6 కోట్ల ఏళ్ల క్రితమే ఆ జాతి అంతరించిందని చెప్పాను, చాలాసేపు నవ్వారు.

డబ్బు తీసుకోలేదు. రోజూ పని ముగిశాక ట్యాంకు అడుగునున్న కుళాయి తిప్పి నీరు వదలమని మాత్రం రెండుసార్లు గుర్తుచేశారు. అయ్యా, మీకు మా కుటుంబమంతటి తరఫున హృదయపూర్వక నమస్కారాలు.