ఆదివారం బొమ్మల మీట్: అటక మీది డబ్బాలు దింపండి

హాయ్ బ్యాచ్! ఈ ఆదివారం సాయంత్రం 4:30కి శివాజీ పార్కు గేటు దగ్గర కలుద్దాం. ఐదు దాటితే ఎవరి కోసమూ ఆగేది లేదు, ముందే చెప్తున్నా.

తలా ఒక చిన్నప్పటి బొమ్మ తేవాలి. విరిగినదైనా సరే. మా అన్నయ్య దగ్గర నేను కొట్టేసిన కార్టూన్ కండల వీరుడు హీమ్యాన్‌కి ఒక చెయ్యి లేదు, అయినా వస్తున్నాడు.

ఒకటి తెలుసా? కార్టూన్ చూసి బొమ్మ కోసం ఏడ్చాం కదా, అసలు ముందొచ్చింది బొమ్మే! మ్యాటెల్ అనే బొమ్మల కంపెనీ వాళ్లు 1982లో హీమ్యాన్ బొమ్మలు దించారు, కార్టూన్ వచ్చింది 1983లో. లాంచర్‌తో తిప్పే బొంగరం బేబ్లేడూ అంతే: జపాన్‌లో బొమ్మ 1999, కార్టూన్ 2001. మనం చూసింది అరగంట ప్రకటన అన్నమాట. పాపం నాన్నలు!

బేబ్లేడ్ ఉన్నవాళ్లు లాంచర్‌తో పాటు అందులో దూర్చి లాగే ఆ పళ్ల పట్టీ కూడా తేవాలి. అది లేకపోతే బేబ్లేడ్ పేపర్ వెయిటే. అవి తిరిగే స్టేడియం నాది: పిండి కలిపే పాత స్టీలు బేసిన్, గీతలతో సహా. ఆ గీతలకి అప్పట్లో నా వీపు విమానం మోత మోగింది.

ఏమీ మిగలనివాళ్లు ఏటికొప్పాక లక్క బొంగరం పట్టుకురండి. దానికి కార్టూన్ లేదు, తిరగడంలో మాత్రం తక్కువ తినలేదు.

పిల్లల్ని తీసుకురావచ్చు, కానీ ముందు టర్న్ మనదే.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా పేరు, బొమ్మ ఇక్కడ పెట్టండి. మురీ మిక్చర్‌కి తలా 50 రూపాయలు, అక్కడే ఇవ్వండి.

ఇంట్లోవాళ్లు పాత సామాన్లతనికి వేసేయకముందే అటక ఎక్కండి!