మ్యాప్‌లో ఆ గీతలేమిటో రాయండి

సంపాదకులు గారికి, నమస్కారం.

బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే మీరు వాతావరణ మ్యాప్ వేస్తారు. అందులోని వంకర గీతలేమిటో మాత్రం చెప్పరు. అవి ఐసోబార్లు. గ్రీకులో ‘ఐసోస్’ అంటే సమానం, ‘బరోస్’ అంటే బరువు. మన మీదున్న గాలి బరువే కదా పీడనం! ఒకే పీడనం ఉన్న చోట్లను కలిపే గీత అన్నమాట. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే గాలి జోరు ఎక్కువ. హైదరాబాద్ 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి, ఇక్కడి పీడనాన్ని సముద్రమట్టానికి సరిచేసి గీస్తారు.

కెమిస్ట్రీలో ఆర్గాన్-40, కాల్షియం-40 లాంటి సమాన ద్రవ్యరాశి సంఖ్య గల పరమాణువులకూ ఇదే పేరు. అక్కడ పీడనంతో పనిలేదు. ఇంటర్ పిల్లలు తికమకపడేది ఇక్కడే. దయచేసి మ్యాప్ కింద రెండు వాక్యాలు వేయండి.

– ఒక పాఠకుడు, నల్లకుంట, హైదరాబాద్