ఎమీ జాన్సన్ ఎవరి చాటునా ఎగరలేదు

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల కిందటి ఆదివారం అనుబంధంలో బ్రిటన్ విమాన చోదకులైన మొలిసన్ దంపతుల, అంటే ఎమీ జాన్సన్, జిమ్ మొలిసన్‌ల మీద వేసిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఎవరో ఒకరు రాస్తారులే, మీరే సవరణ వేస్తారులే అని పది రోజులు ఆగాను. నిన్నటి పత్రిక కూడా మొదటి పేజీ నుంచి చివరిదాకా వెతికాను. ఒక్క ముక్క లేదు.

‘భర్త ప్రోత్సాహంతో ఎమీ ఆస్ట్రేలియాకు ఎగిరారు’ అని రాశారు. ఏ భర్త? ఆవిడ ఒంటరిగా లండన్ పక్కన క్రాయిడన్‌లో బయల్దేరింది 1930 మే 5న, ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో దిగింది మే 24న. జిమ్ మొలిసన్‌ని పెళ్లాడింది 1932 జూలైలో. రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే తెలిసిపోయే తప్పు ఇది. వ్యాసం రాసినవారు చూడలేదు, దిద్దినవారూ చూడలేదు.

ఆ ప్రయాణం గురించి రెండు వాక్యాలతో సరిపెట్టడం ఇంకా బాధ కలిగించింది. హల్ పట్టణంలో చేపల వ్యాపారి కూతురు ఎమీ. లండన్‌లో ఒక న్యాయవాది ఆఫీసులో పనిచేస్తూ విమానం నడపడం నేర్చుకుంది. నడపడంతో ఊరుకోక, హ్యాంగర్‌లో చేతులకు గ్రీజు పూసుకుని ఇంజను విప్పడం, బిగించడం నేర్చుకుని, 1929లో గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు తీసుకుంది. బ్రిటన్‌లో ఆ లైసెన్సు పొందిన మొదటి మహిళ ఆవిడే. అప్పటిదాకా ఒంటరిగా ఎగిరిన అతి పెద్ద దూరం లండన్ నుంచి సొంతూరు హల్ దాకా. ఆ అనుభవంతో, ఎవరో వాడేసిన జిప్సీ మాత్ విమానంలో, 11,000 మైళ్లకు బయల్దేరింది. కరాచీకి ఆరు రోజుల్లో చేరి, అంతకుముందు ఆస్ట్రేలియా విమాన చోదకుడు బర్ట్ హింక్లర్ పెట్టిన రికార్డును రెండు రోజులు వెనక్కి నెట్టింది.

మన దేశం మీదుగానే వెళ్లిందన్న సంగతి మీ వ్యాసంలో లేనే లేదు. అలహాబాదు చేరేలోపు పెట్రోలు అయిపోవస్తే ఝాన్సీలో సిపాయిల పరేడ్ మైదానంలో దించింది. రెక్క దెబ్బతింది. అక్కడి వడ్రంగి బాగుచేశాడు. రంగూన్ దగ్గర ఇన్సేన్‌లో సాంకేతిక విద్యాలయం ఆటస్థలంలో దిగితే విమానం గుంటలోకి వెళ్లి రెక్క చిరిగింది, ప్రొపెల్లర్ విరిగింది. మారు ప్రొపెల్లర్ వెంటే తెచ్చుకుంది కాబట్టి ప్రయాణం ఆగలేదు. ముప్ఫై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. పిల్లలకు చెప్పాల్సింది ఇదీ. మీరు మాత్రం పెళ్లిచూపుల కబురుకు సగం పేజీ ఇచ్చారు.

జిమ్‌ను తక్కువ చేయమని నేను అనడం లేదు. 1932 ఆగస్టులో అట్లాంటిక్‌ను తూర్పు నుంచి పడమరకు ఒంటరిగా దాటిన మొదటి మనిషి ఆయన. అదే ఏడాది నవంబరులో ఇంగ్లండు నుంచి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌కు వెళ్లే దారిలో ఆయన రికార్డును పది గంటలకు పైగా తేడాతో చెరిపేసింది మాత్రం కట్టుకున్న భార్యే. ఇది ఎందుకు రాయలేదు?

ఇద్దరూ కలిసి న్యూయార్క్‌లో క్షేమంగా దిగారనడమూ తప్పే. 1933 జూలైలో వేల్స్ తీరంలోని ఇసుక మీద నుంచి లేచి, 39 గంటలు గాలిలో ఉండి, ఇంధనం అడుగంటిన స్థితిలో చీకట్లో అమెరికాలోని బ్రిడ్జిపోర్ట్ దగ్గర కూలారు. ఇద్దరికీ గాయాలు. జనం ఆ విమానాన్ని జ్ఞాపికల కోసం ముక్కలుగా పీక్కుపోయారు. న్యూయార్క్ ఊరేగింపు ఆ తర్వాత. మరుసటి ఏడాది ఇంగ్లండు నుంచి మెల్‌బోర్న్‌కు జరిగిన విమాన పందెంలో కరాచీ దాకా అందరికంటే ముందున్నారు. ఆ తర్వాత దారి తప్పి జబల్‌పూర్‌లో దిగి, విమాన ఇంధనం దొరక్క బస్సు కంపెనీ పెట్రోలు పోయించుకున్నారు. ఇంజన్లు పాడై అలహాబాదులో పందెం వదులుకున్నారు.

అన్నిటికంటే ఘోరం చివరి పేరా. ‘విడాకుల బాధతో’ ఆమె ప్రాణాలు పోగొట్టుకుందట! విడాకులు 1938లో. ఆవిడ పోయింది 1941 జనవరి 5న, యుద్ధం రోజుల్లో, విమానాలను ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరవేసే ఉద్యోగంలో ఉండగా, థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట. కాపాడబోయి నీళ్లలోకి దూకిన నౌకాధికారి వాల్టర్ ఫ్లెచర్ కూడా చనిపోయాడు. ఎమీ శవం దొరకలేదు. డ్యూటీలో పోయిన మనిషి చావుకు మొగుణ్ణి కారణంగా అంటగట్టడం ఏం న్యాయం?

ఈ అలవాటు మీ ఒక్కరిదే కాదు. మా అమ్మాయి విమానాల మరమ్మతు చదివి ఇంజనీరైంది. ఊళ్లో సన్మానం చేస్తామని పిలిచి, మైకులో మా అల్లుడి పేరు రెండుసార్లు చదివారు, దాని పేరు ఒక్కసారీ చదవలేదు. ఇలాంటి తప్పులు పిల్లలు సరిచూసుకుందామంటే లైబ్రరీ అందుబాటులో లేదు. ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు రూపాయికి 8 పైసలు ఏటా కడుతున్నాం. మా ఊరి గ్రంథాలయంలో పిల్లల గది తాళం తీసి మూడేళ్లయింది. అడిగితే సిబ్బంది లేరంటారు. పిల్లలకు మిగిలింది పత్రికే, అందులోనూ ఇలాంటి తప్పులే.

దయచేసి సవరణ వేయండి. చివరి పేజీ మూలన కాదు, అదే అనుబంధంలో, అదే పేజీలో. ఫొటో కింద ‘జిమ్ మొలిసన్, ఆయన సతీమణి’ అని ఉంది. అక్కడ ఎమీ జాన్సన్ అని పేరు పెట్టండి. ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు మీ వ్యాసం కత్తిరించి ప్రాజెక్టు పుస్తకంలో అంటించుకుంది. కొత్తది వస్తే పాతది పీకేసి అంటిస్తానని దానికి మాటిచ్చాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
పశ్చిమ గోదావరి జిల్లా